పళ్లెం, పడక, గుండెల్లో మంట

జీర్ణాశయంలో రోజుకు లీటరున్నర నుంచి రెండు లీటర్ల దాకా జఠరరసం ఊరుతుంది. అందులో ప్రధానమైనది హైడ్రోక్లోరిక్ ఆమ్లం. ఖాళీ కడుపులో దాని పీహెచ్ 1.5 నుంచి 2 వరకు ఉంటుంది, అంటే నిమ్మరసం కంటే ఘాటు. జీర్ణాశయం లోపలి గోడ ఈ ఘాటును తట్టుకోగలదు. ఆ గోడ మీద దట్టమైన జిగురు పొర పరుచుకుని ఉంటుంది. ఆ పొరలోకి ఊరే బైకార్బనేట్ ఆమ్లాన్ని గోడ దాకా రానివ్వదు. గొంతు నుంచి దాదాపు 25 సెంటీమీటర్ల పొడవున దిగివచ్చే అన్నవాహికకు మాత్రం అలాంటి రక్షణ చాలా తక్కువ. అందుకే లోపల ఉన్నంతసేపు మేలు చేసే రసమే పైకి ఎగదన్నితే రొమ్ము ఎముక వెనక మంటగా, గొంతులో పులుపుగా, కొందరిలో పడుకున్నప్పుడు వచ్చే పొడి దగ్గుగా తెలుస్తుంది.

ఎగదన్నడం కొంతవరకు అందరిలోనూ ఉండేదే. ఆరోగ్యవంతుల్లో కూడా, ముఖ్యంగా భోజనం తర్వాత, రోజులో చాలాసార్లు కొద్దికొద్దిగా రసం పైకి వస్తుంది. మింగిన లాలాజలంతో కలిసి మళ్లీ కిందికి పోతుంది, ఆ సంగతి మనిషికి తెలియదు కూడా. అన్నవాహికలోకి సన్నని గొట్టం పంపి 24 గంటలు కొలిస్తే, పీహెచ్ 4 కంటే తక్కువగా ఉన్న సమయం మొత్తంలో 4 శాతం లోపు ఉండటం సహజం. 6 శాతం దాటితే జబ్బు ఉన్నట్టేనని 2018లో ప్రచురితమైన నిపుణుల లియాన్ ఒప్పందం చెబుతోంది. మన దేశంలో ఇండియన్ సొసైటీ ఆఫ్ గ్యాస్ట్రోఎంటరాలజీ తరఫున 3,200 మందికి పైగా ప్రశ్నించి 2011లో ప్రచురించిన అధ్యయనంలో 7.6 శాతం మందిలో ఈ జబ్బు లక్షణాలు కనిపించాయి.

ఇంటింటా ‘ఎసిడిటీ’ అని చెప్పుకునే ఈ బాధలో ఆమ్లం మామూలు కంటే ఎక్కువగా ఊరడం అరుదు. చాలామంది రోగుల్లో ఊరేది మామూలు పరిమాణమే. ఉండాల్సిన చోట ఉండకుండా పైకి రావడమే అసలు చిక్కు. ఏ కూర తినాలి, ఏది మానాలి అన్న చర్చ మీద పెట్టే శ్రద్ధలో సగం ఆ రసాన్ని కింద నిలిపి ఉంచే అడ్డుకట్ట మీద పెట్టినా ఎక్కువ ప్రయోజనం ఉంటుంది.

రసం పైకి రావడానికి కారణం పీడనంలో తేడా. ఊపిరి తీసుకోవడానికి వీలుగా ఛాతీ లోపలి పీడనం బయటి గాలి కంటే కాస్త తక్కువగా ఉంటుంది. పొట్ట లోపల అది కాస్త ఎక్కువ. మధ్యలో అడ్డు లేకపోతే ప్రతి శ్వాసకూ జీర్ణాశయంలోని రసం పైకి ఎక్కుతూనే ఉంటుంది. దగ్గినా, వంగినా, బరువెత్తినా ఈ తేడా అనేక రెట్లు పెరుగుతుంది. అయినా ఆరోగ్యవంతుడు పొలంలో వంగి నాట్లు వేయగలుగుతున్నాడంటే అన్నవాహిక, జీర్ణాశయం కలిసే చోట ఉన్న ఏర్పాటే కారణం.

ఆ ఏర్పాటులో మొదటిది సంవరిణి కండరం. అన్నవాహిక చివరి మూడు నాలుగు సెంటీమీటర్ల మేర కండరం ఎప్పుడూ బిగిసి ఉంటుంది. మింగినప్పుడు ఆరేడు సెకన్ల పాటు వదులై ముద్దను లోపలికి పంపి మళ్లీ బిగుసుకుంటుంది. శవపరీక్షలో కోసి చూస్తే అక్కడ ప్రత్యేకమైన కండరపు వలయం స్పష్టంగా కనిపించదు. అందుకే అలాంటిది అసలు ఉందా లేదా అని శరీరశాస్త్రజ్ఞులు చాలాకాలం వాదించుకున్నారు. 1956లో అమెరికాలోని మేయో క్లినిక్ పరిశోధకులు ఫైక్, కోడ్, ష్లెగెల్ అన్నవాహిక లోపలి పీడనాన్ని కొలిచి ఆ భాగంలో నిరంతరం ఎక్కువ పీడనం ఉంటుందని చూపారు. మామూలు మనిషిలో అది సుమారు 10 నుంచి 30 మిల్లీమీటర్ల పాదరసం మట్టం.

రెండోది ఉదరవితానం, అంటే డయాఫ్రం. ఛాతీని, పొట్టను వేరుచేసే ఈ కండరపు తెరలోని రంధ్రం గుండానే అన్నవాహిక కిందికి దిగుతుంది. ఆ రంధ్రం చుట్టూ ఉన్న కండరపు పాయలు సంవరిణిని బయటి నుంచి చుట్టి పట్టుకుంటాయి. ఊపిరి గట్టిగా పీల్చినప్పుడు, దగ్గినప్పుడు, అంటే కింది ఒత్తిడి పెరిగే ఆ క్షణంలోనే, ఈ పాయలు మరింత బిగుసుకుంటాయి. శరీర నిర్మాణంలో ఇంత సమయానికి అక్కరకొచ్చే ఏర్పాట్లు కొద్దిగానే ఉంటాయి. మూడోది నిర్మాణానికి సంబంధించినది. అన్నవాహిక జీర్ణాశయంలోకి నిటారుగా కాకుండా వాలుగా, ఒక మడత పెట్టి దిగుతుంది. జీర్ణాశయం నిండుతున్నకొద్దీ ఆ మడత లోపలి నుంచి ఒత్తుకుని దారిని మూస్తుంది.

ఈ మూడూ ఒకే చోట ఒకదానిపై ఒకటి ఉన్నంతకాలం అడ్డుకట్ట గట్టిగా ఉంటుంది. వయసుతో, లావుతో, పదేపదే పెరిగే పొట్ట ఒత్తిడితో ఉదరవితానపు రంధ్రం వెడల్పయి జీర్ణాశయం పైకొస ఛాతీలోకి జారవచ్చు. దీన్నే హయేటస్ హెర్నియా అంటారు. అప్పుడు సంవరిణి పైకి వెళ్లిపోతుంది, కండరపు పాయలు కింద ఉండిపోతాయి. రెండూ విడివిడిగా ఉంటే ఏదీ తన పని పూర్తిగా చేయలేదు.

కొందరిలో సంవరిణి బలహీనంగా ఉండటం వల్ల రసం పైకి వస్తుంది. ఎక్కువమందిలో జరిగేది వేరు. 1980లో జాన్ డెంట్ బృందం ఆరోగ్యవంతుల అన్నవాహిక పీడనాన్ని గంటల తరబడి కొలిచి, మింగడంతో సంబంధం లేకుండానే సంవరిణి ఉన్నట్టుండి 10 సెకన్లకు పైగా, కొన్నిసార్లు అర నిమిషం దాకా తెరుచుకుంటోందని గుర్తించింది. ఆ సమయంలో చుట్టూ ఉన్న ఉదరవితానం పాయలు కూడా వదులవుతాయి. ఇది శరీరం కావాలని చేసే పనే. తిండితో పాటు మింగిన గాలి బయటికి పోవాలంటే తలుపు తెరవాలి. తేన్పు వచ్చేది ఇలాగే. గాలితో పాటు రసం కూడా పైకి వస్తేనే ఇబ్బంది.

ఈ తెరుచుకోవడానికి సంకేతం వెళ్లేది జీర్ణాశయం పైభాగం నుంచి. తినడం మొదలుపెట్టగానే గుమ్మటంలా ఉండే ఆ భాగం వదులై, లోపలి పీడనం పెద్దగా పెరగకుండానే లీటరు దాకా ఆహారానికి చోటిస్తుంది. గోడ సాగుతున్నకొద్దీ అందులోని నాడీ తంతులు వేగస్ నాడి ద్వారా మెదడు కాండానికి సమాచారం పంపుతాయి. తిరిగి అదే నాడి ద్వారా సంవరిణికి తెరుచుకోమని ఆదేశం వస్తుంది. ఎంత సాగితే అన్ని సార్లు తెరుచుకుంటుంది. పైగా జీర్ణాశయం కిక్కిరిసి సాగినప్పుడు సంవరిణి కిందికొస విచ్చుకుని జీర్ణాశయంలో కలిసిపోతుంది, బిగిసి ఉండే భాగం పొడవు తగ్గుతుంది. ఆహారపు అలవాట్లకూ అడ్డుకట్టకూ ఉన్న సంబంధంలో అన్నిటికంటే బలమైన ముడి ఇదే: ఏం తిన్నారన్నదాని కంటే ఒక్కసారికి ఎంత తిన్నారన్నది ముఖ్యం.

తెలుగు భోజనాన్ని ఈ కోణంలో చూడాలి. పప్పు, కూర, పులుసు, పచ్చడి, పెరుగు ఒక్కోదాంతో ఒక్కో వాయి అన్నం కలుపుకుని తినే పద్ధతిలో, ఏ వాయీ పెద్దది కాకపోయినా మొత్తం కలిపితే పళ్లెం బరువు చాలా అవుతుంది. దాని మీద చెంబెడు మంచినీళ్లు, చివర్లో గ్లాసు మజ్జిగ. వీటిలో ఏ ఒక్కటీ తనంతట తాను చెడ్డది కాదు. తెల్లన్నంలో కొవ్వు తక్కువ, అది కడుపులోంచి త్వరగానే దిగిపోతుంది. మజ్జిగన్నం చాలామంది కడుపుకు హాయినిస్తుంది. ఇబ్బందల్లా అన్నీ ఒకే పూట, ఒకే సంచిలో చేరడం. అదే తిండిని రెండు పూటలుగా విడగొట్టి, నీళ్లను భోజనాల మధ్యకు జరిపితే జీర్ణాశయం గోడ అంత సాగదు. పెళ్లి విందుల తర్వాత, పండగ పూట సాయంత్రం మంట ఎక్కువగా కనిపించడానికి మసాలా కంటే ఈ పరిమాణమే పెద్ద కారణం.

కొవ్వు పాత్ర కొంచెం భిన్నమైనది. కొవ్వు చిన్నపేగులోకి చేరగానే కోలిసిస్టోకినిన్ అనే హార్మోన్ విడుదలవుతుంది. అది జీర్ణాశయం ఖాళీ అయ్యే వేగాన్ని తగ్గిస్తుంది, సంవరిణి బిగువునూ సడలిస్తుంది. మామూలుగా మూడు నాలుగు గంటల్లో దిగిపోవాల్సిన భోజనం ఇంకా ఎక్కువసేపు నిలిచిపోతుంది, అంతసేపూ గోడ సాగే ఉంటుంది. సాయంత్రం ఆరింటికి నాలుగు మిరపకాయ బజ్జీలు, తొమ్మిదింటికి వాటి మీదే రాత్రి భోజనం పడితే మొదటిది పూర్తిగా దిగకముందే రెండోది చేరినట్టు. ఆ మంటకు నింద మాత్రం మిరపకాయకే వస్తుంది.

మిరప సంగతి విడిగా చెప్పుకోవాలి. దాని ఘాటుకు మూలమైన క్యాప్సైసిన్, నొప్పినీ వేడినీ తెలిపే నాడీ గ్రాహకాన్ని తాకుతుంది. టీఆర్‌పీవీ1 అనే ఆ గ్రాహకాన్ని డేవిడ్ జూలియస్ బృందం 1997లో కనిపెట్టింది. ఆయనకు 2021లో నోబెల్ బహుమతి వచ్చింది. ఆ గ్రాహకాలు అన్నవాహిక గోడలోనూ ఉన్నాయి. కారం తింటే రసం పైకి రావడం పెద్దగా పెరగదని, వచ్చిన రసం మాత్రం మరింత మండుతుందని ప్రయోగాలు చూపాయి. అంటే గుంటూరు మిరప అడ్డుకట్టను తెరవదు, ఇప్పటికే పుండైన చోట కారం చల్లుతుంది. చింతపండు పులుసు, టమాటా, నిమ్మకాయ ఊరగాయ లాంటి పుల్లటి పదార్థాల సంగతీ దాదాపు అంతే. మంట ఉన్న రోజుల్లో వీటిని తగ్గించడం ఉపశమనం కోసం. తగ్గాక కొద్దిగా ఆవకాయ వేసుకున్నంత మాత్రాన జబ్బు తిరగబెట్టదు.

నిజంగా అడ్డుకట్టనే సడలించేవి కొన్ని ఉన్నాయి. పొగాకు సంవరిణి బిగువును తగ్గిస్తుంది, లాలాజలాన్నీ తగ్గిస్తుంది. మద్యం బిగువును తగ్గించడమే కాకుండా పైకొచ్చిన రసాన్ని తిరిగి కిందికి నెట్టే అన్నవాహిక కదలికలనూ మందగింపజేస్తుంది. పెప్పర్‌మింట్, చాక్లెట్ సంవరిణిని వదులు చేస్తాయి. హోటల్ భోజనం తర్వాత పెప్పర్‌మింట్ బిళ్ల చప్పరించే అలవాటు మంట ఉన్నవారికి కలిసిరాదు. కాఫీ మీద అధ్యయనాలు ఒక మాట మీద లేవు. కొందరికి పడదు, కొందరికి ఏమీ కాదు. పడనివారు మానాలి, పడేవారిని బలవంతంగా మాన్పించడానికి ఆధారం లేదు.

గ్యాస్ పట్టిందని గోలీసోడా తాగడం, గ్లాసు నీళ్లలో పొంగే పొడి కలుపుకోవడం పాత అలవాట్లు. సోడాలోని బొగ్గుపులుసు వాయువు జీర్ణాశయాన్ని మరింత ఉబ్బిస్తుంది, అందుకే తేన్పు వస్తుంది. పొంగే పొడిలోని సోడా ఉప్పు ఆమ్లాన్ని కాసేపు చల్లారుస్తుంది, కానీ అదే చర్యలో గాలి కూడా పుడుతుంది. తేన్పు రాగానే ఉబ్బరం తగ్గి హాయిగా అనిపిస్తుంది, కానీ ఆ క్షణంలో తలుపు పూర్తిగా తెరుచుకునే ఉంటుంది. చల్లటి పాలదీ ఇలాంటి కథే. తాగగానే ఆమ్లాన్ని కొంత తటస్థం చేస్తాయి, తర్వాత అందులోని మాంసకృత్తులు, కాల్షియం మరింత ఆమ్లం ఊరేలా చేస్తాయి.

గబగబా తినడం వల్ల మంట పెరుగుతుందా? 2004లో ఆరోగ్యవంతులకు ఒకే భోజనాన్ని 5 నిమిషాల్లో ఒకసారి, 30 నిమిషాల్లో ఒకసారి తినిపించి చూస్తే, తొందరగా తిన్నప్పుడు రసం ఎక్కువసార్లు పైకి వచ్చింది. తర్వాత రోగులతో చేసిన ప్రయోగాల్లో ఆ తేడా తేలలేదు. నెమ్మదిగా తినేవారికి కడుపు నిండిందన్న సంకేతం అందే వ్యవధి దొరుకుతుంది, గాలి మింగడం తగ్గుతుంది. ఆ మేరకు ఇది మంచి అలవాటే కానీ, దీన్నొక్కదాన్నే మందుగా నమ్ముకోలేము.

భోజనం అయ్యాక ఏం చేస్తారన్నదీ తినడంలో భాగమే. తిన్న అన్నం ఆమ్లంతో కలిసినప్పుడు జీర్ణాశయం మధ్యభాగంలో ఆమ్ల తీవ్రత తగ్గుతుంది. అయినా భోజనం తర్వాత పైకొచ్చే రసం ఎందుకంత ఘాటుగా ఉంటుందన్నది చాలాకాలం తేలని ప్రశ్న. 2001లో గ్లాస్గో పరిశోధకులు దానికి జవాబు కనుక్కున్నారు. కొత్తగా ఊరిన ఆమ్లం అన్నంతో కలవకుండా, దాని పైన, సరిగ్గా సంవరిణి కిందనే ఒక పొరలా పేరుకుంటుంది. భోజనమైన 15, 20 నిమిషాలకు మొదలై రెండు గంటల దాకా అది అక్కడే ఉంటుంది. తలుపు తరచుగా తెరుచుకునే సమయమూ అదే. హయేటస్ హెర్నియా ఉన్నవారిలో ఈ ఆమ్లపు పొర ఛాతీలోకి జారిన భాగంలో నిలుస్తుంది కాబట్టి తలుపు ఏ కాస్త తెరుచుకున్నా పైకి వచ్చేది ఆమ్లమే. మధ్యాహ్నం సుష్టుగా తిని భుక్తాయాసం తీర్చుకోవడానికి నడుం వాల్చడం, తిన్న వెంటనే వంగి గిన్నెలు తోమడం, ఇల్లు తుడవడం ఈ రెండు గంటల్లో చేయకూడని పనులు.

రాత్రి భోజనం విషయంలో ఇది మరింత కీలకం. నిద్రలో మింగడం, లాలాజలం ఊరడం దాదాపు ఆగిపోతాయి, పడుకోవడం వల్ల గురుత్వాకర్షణ సాయమూ ఉండదు. గాఢ నిద్రలో సంవరిణి మింగకుండానే తెరుచుకోవడం తగ్గే మాట నిజమే. కానీ ఒక్కసారి పైకొచ్చిన రసం పగటిపూట నిమిషాల్లో పోయేది రాత్రి చాలాసేపు నిలిచి గోడను కొరుకుతుంది. 2005లో ప్రచురితమైన జపాన్ అధ్యయనంలో 147 మంది రోగులను 294 మంది ఇతరులతో పోల్చారు. రాత్రి భోజనానికీ పడకకూ మధ్య 4 గంటలు లేదా అంతకు మించి విరామం ఇచ్చేవారి కంటే 3 గంటల లోపే పడుకునేవారిలో జబ్బు ఉండే అవకాశం ఏడు రెట్లకు పైగా కనిపించింది. చిన్న పోలిక కాబట్టి ఆ అంకెను అక్షరాలా పట్టుకోనక్కర్లేదు. అది చూపే దిశ మాత్రం శరీరం పనిచేసే తీరుతో సరిపోతుంది. అమెరికా వేళలకు అనుగుణంగా పనిచేసి అర్ధరాత్రి బిర్యానీ తిని నిద్రపోయే హైదరాబాద్ ఉద్యోగుల్లో మంట ఎందుకంత మామూలైపోయిందో ఇక్కడే అర్థమవుతుంది. పెందలాడే తిని, చీకటి పడ్డాక మరేమీ ముట్టని పాత ఊరి పద్ధతిలో ఈ విరామం దానంతట అదే దొరికేది.

పడుకునే తీరుకూ లెక్క ఉంది. ఎడమ పక్కకు తిరిగి పడుకుంటే, సగం నిండిన బిందెను మూతి పైకి ఉండేలా వంచినట్టు, అన్నవాహిక కలిసే చోటు రసం మట్టం కంటే పైన ఉంటుంది. కుడి పక్కకు తిరిగితే అది రసంలో మునుగుతుంది. మంచం తలవైపు కోళ్ల కింద 15 నుంచి 20 సెంటీమీటర్ల ఎత్తున ఇటుకలు, చెక్కదిమ్మలు పెట్టడం వల్ల ఉపయోగం ఉందని తేలింది. తల కింద రెండు మూడు దిండ్లు పేర్చడం దీనికి బదులు కాదు. అప్పుడు నడుము దగ్గర ఒళ్లు మడతపడి పొట్ట మీద ఒత్తిడి పెరుగుతుంది.

2006లో అమెరికా పరిశోధకులు అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలన్నీ వడబోసి చూస్తే, గట్టి ఆధారం దొరికిన జాగ్రత్తలు రెండే: తలవైపు ఎత్తు పెంచడం, బరువు తగ్గడం. ఫలానా పదార్థం మానితే జబ్బు తగ్గుతుందని చెప్పగల ఆధారం అప్పటికి దొరకలేదు. అదే ఏడాది వేలమంది అమెరికా నర్సుల వివరాలతో వచ్చిన మరో అధ్యయనంలో, శరీర ద్రవ్యరాశి సూచీ 3.5కి మించి పెరిగిన మహిళల్లో తరచూ మంట వచ్చే అవకాశం బరువు మారనివారి కంటే దాదాపు 2.8 రెట్లు కనిపించింది. మొదట్లో బరువు మామూలుగా ఉన్నవారిలోనూ ఇదే ధోరణి. పొట్ట చుట్టూ పేరుకునే కొవ్వు లోపలి ఒత్తిడిని పెంచి జీర్ణాశయాన్ని నిరంతరం పైకి నెడుతుంది. ఏ బాధా లేని మనుషులకు నడుం చుట్టూ బిగుతైన బెల్టు కట్టి గ్లాస్గోలో పరీక్షిస్తే సంవరిణి పైకి జరిగి అన్నవాహిక కిందికొసలోకి ఆమ్లం చేరింది. బిగించి కట్టిన లంగా బొందుకూ, పొట్ట కింద నొక్కే ప్యాంటు బెల్టుకూ ఇదే సూత్రం. గర్భిణుల్లో పెరిగే బిడ్డ ఒత్తిడికి తోడు ప్రొజెస్టెరాన్ సంవరిణిని వదులు చేస్తుంది. కాన్పు తర్వాత చాలామందిలో అది తగ్గిపోతుంది.

అడ్డుకట్టలో ఒక భాగాన్ని మాత్రం సాధనతో గట్టిపరచవచ్చు. ఉదరవితానం మన ఇచ్ఛకు లోబడే కండరం. ఆస్ట్రియాలోని గ్రాజ్‌లో చేసి 2012లో ప్రచురించిన చిన్న ప్రయోగంలో, పొట్టతో నిదానంగా ఊపిరి తీసుకోవడం నాలుగు వారాలు సాధన చేసినవారిలో ఆమ్లం అన్నవాహికను తాకే సమయం సగానికి దగ్గరగా తగ్గింది. ఖర్చులేని పని, ఖాళీ కడుపుతో చేసుకోవచ్చు.

మాత్రల విషయంలో చాలామంది ఒక పొరపాటు చేస్తుంటారు. 1988లో ఒమెప్రజోల్‌తో మార్కెట్లోకి వచ్చిన మందుల వర్గంలోనిదే నేడు ప్రతి మందుల షాపులోనూ అడగగానే ఇచ్చే పాంటాప్రజోల్. ఇవి ఆమ్లాన్ని ఊరించే కణాల్లోని పంపులను మూసేస్తాయి. ఆ పంపులు పనిలోకి దిగేది తిండి తగిలినప్పుడు. కాబట్టి మాత్ర టిఫిన్‌కు అరగంట ముందే లోపల ఉండాలి. మంట పుట్టాక వేసుకుంటే ఫలితం అంతంతమాత్రం. పుండు మానడానికి ఇవి ఎంతో ఉపయోగపడతాయి, కానీ సంవరిణి తెరుచుకోవడాన్ని తగ్గించలేవు. రసం మునుపటిలాగే పైకి వస్తుంది, ఘాటు మాత్రమే తగ్గుతుంది. నెలల తరబడి వాడి హఠాత్తుగా ఆపేస్తే కొన్ని వారాలు ఆమ్లం మామూలు కంటే ఎక్కువగా ఊరే అవకాశం ఉంది కాబట్టి మొదలుపెట్టడం, మానడం రెండూ వైద్యుల సలహాతోనే జరగాలి. సముద్రపు నాచు నుంచి తీసే ఆల్జినేట్ మందులది మరో దారి. అవి కడుపులో జెల్లీలా తేలి ఆమ్లపు పొరను సంవరిణి నుంచి దూరంగా నెడతాయి, అందుకే వాటిని భోజనం తర్వాత తీసుకుంటారు.

అడ్డుకట్ట పూర్తిగా దెబ్బతిన్నవారికి శస్త్రచికిత్స ఉంది. 1955లో రుడాల్ఫ్ నిస్సెన్ మొదలుపెట్టిన పద్ధతిలో జీర్ణాశయం పైభాగాన్ని అన్నవాహిక కిందికొస చుట్టూ తిప్పి కుడతారు. హెర్నియా ఉంటే ఉదరవితానపు రంధ్రాన్నీ బిగిస్తారు. ఇప్పుడు చిన్న రంధ్రాల ద్వారా లాప్రోస్కోపీతో చేస్తున్నారు. గట్టిగా బిగిస్తే తేన్పు రావడం, వాంతి కావడం కష్టమయ్యే మాట వాస్తవం, ఆ సంగతి రోగికి ముందే తెలిసి ఉండాలి.

ఏళ్ల తరబడి ఆమ్లం తగిలిన గోడలో పుండ్లు పడవచ్చు, దారి ఇరుకై ముద్ద దిగకపోవచ్చు, కొందరిలో లోపలి పొర స్వభావమే మారి బ్యారెట్స్ అన్నవాహిక అనే స్థితి రావచ్చు. అది అరుదుగా క్యాన్సర్‌కు దారితీస్తుంది. మింగేటప్పుడు అడ్డుపడటం, కారణం లేకుండా బరువు తగ్గడం, నల్లటి విరేచనం, రక్తపు వాంతి, రక్తహీనత కనిపిస్తే ఇంటి చిట్కాలతో ఆగకుండా ఎండోస్కోపీ చేయించుకోవాలి. నడిచినప్పుడు, మెట్లెక్కినప్పుడు వచ్చే ఛాతీ నొప్పి, చెమటలతో, ఆయాసంతో, ఎడమ చెయ్యికో దవడకో పాకే నొప్పి గుండెపోటు కావచ్చు. గ్యాస్ అనుకుని సోడా తాగి కూర్చున్న ఆ గంటలోనే ప్రాణాలు పోతున్నాయి. అలాంటి నొప్పి వస్తే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లి ముందు ఈసీజీ తీయించుకోవాలి.